కర్ర గుచ్చిన చోటు

అబ్దుల్ షుకూర్ కర్ర గుచ్చాడంటే గుచ్చినట్టే, ఇక చోటు మార్చడు. తెనాలిలో పీర్ల పండక్కి రంగు కాగితాల గుమ్మటం కట్టినా, క్రిస్మసుకి లూథరన్ గుడి మీదికి నిలువెత్తు నక్షత్రం కట్టినా, ముందు తండ్రి నాటి వెదురుకర్ర నేలలో దిగాల్సిందే. దాని అడుగున ఇనప ములుకు, నడుమ చేతులు రాసి రాసి నున్నబడ్డ పట్టు. అది దిగిన చోటే నడిమి గుంజ పాతుతారు. "కర్ర గుచ్చాక చోటు మార్చకూడదు" అనేది వాళ్ళింటి మాట. మాట తండ్రిదే గానీ దాన్ని ఊరంతా చాటింది మాత్రం షుకూరే.

ఆ కర్ర భుజాన వేసుకుని బాపట్లలో రైలు దిగి, ఆటోలో సూర్యలంక ఒడ్డుకి వచ్చాడు. పక్కన దీపక్ సార్. బాపట్లలో ఓ ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు మాస్టారు, సన్నగా, ఎప్పుడూ చొక్కా జేబుకి రంగు మరకతో ఉంటాడు. దారి పొడుగునా ఆయన చేతులు తిప్పుతూ చెబుతూనే ఉన్నాడు.

"వెలుగుల సర్కస్ అండి మేస్త్రీ గారూ. నిజం జంతువులుండవు, గుడారం ఉండదు. వెదురూ కాగితం బల్బులూ, అంతే. ఏనుగు, గుర్రం, ఉయ్యాల మీద అమ్మాయి, జోకరు. లోపల దూరి ఆడించేది ఇక్కడి కాలనీ వాళ్ళే. ఉత్సవం కమిటీ వాళ్ళని ఎలాగో ఒప్పించాను. చీకటి పడేసరికి ఒడ్డంతా వెలిగిపోవాలి."

"వెలిగిద్దాం సార్. ముందు నేల చూడనివ్వండి."

షుకూర్ చెప్పులు విడిచి నడిచాడు. నీళ్ళ దగ్గర ఇసక కాలికింద కుంగిపోతోంది. పైన గాలి ఎక్కువ, కాగితం ఏనుగు నిలవదు. సరుగుడు తోపుకి ఇవతల ఒక చోట పాదం ఆగింది. గాలికి తోపు అడ్డం ఉంది. నేల చదునుగా, గట్టిగా ఉంది. ఒక్క గవ్వ లేదు, ఒక్క పుల్ల లేదు, ఇంటి వాకిలి ఊడ్చినట్టుంది. వంగి చూస్తే ఇసకలో అక్కడక్కడా చేప పొలుసులు తళుక్కుమన్నాయి.

చూశాడు. చూడలేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందామన్నా కుదరలేదు, ఎందుకంటే ఒక పొలుసు వేలికి అంటుకుంటే లుంగీకి తుడుచుకున్నాడు కూడా. ఇంత శుభ్రంగా ఊడ్చిన నేల ఎవరిదో అయ్యుంటుందని అనిపించింది. ఇంతకన్నా మంచి నేల దొరకదని కూడా అనిపించింది.

"ఇది ఎవరైనా వాడుకునే చోటేమో?" అన్నాడు దీపక్.

"బీచి గదండీ సార్, ఎవరిదవుద్ది?" అని బిస్మిల్లా అనుకుని కర్ర గుచ్చేశాడు.

దీపక్ ఆ చోటుని కమిటీ వాళ్ళకి ఫోనులో చెప్పాడు.

*

మూడో రోజు పొద్దెక్కాక వెదురు గెడలూ కాగితపు కట్టలూ వైర్ల చుట్టలూ వేసుకుని లారీ వచ్చింది. షుకూర్, వెంట బావమరిది సైఫుల్లా. వైరింగు పనంతా సైఫుల్లాదే, నోరు కూడా సైఫుల్లాదే.

లారీ దిగేసరికి షుకూర్ కాళ్ళు ఆగిపోయాయి. కర్ర చుట్టూ పెద్ద గుండ్రం మేర, చోటు సాపు చేయమని కమిటీ వాళ్ళు పంపిన ట్రాక్టరు తిరిగిన చాళ్ళు. గట్టి నేల పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. అక్కడ ఎండబెట్టిన నెత్తళ్ళు, వేలెడంత చేపలు, సరుగుడు చెట్ల కింద గుట్టలుగా పడున్నాయి, సగం ఎండినవి, ఇసకా సరుగుడు పుల్లలూ కలిసిపోయి. ఒకావిడ జల్లెడ పట్టుకుని కూర్చుని చేపలు జల్లిస్తూ ఎవరికీ గాక గాలికి తిట్లు పెడుతోంది.

"ఏ పుణ్యాత్ముడు చూపించాడో ఈ చోటు! వాడి వాకిట్లో ట్రాక్టరు తిరగా! వాడి కూటి కుండలో ఇసక పడా!"

షుకూర్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆవిడ తలెత్తి చూసింది.

"నిన్ను కాదులేవయ్యా. కూలికొచ్చినోడివి, నీదేం తప్పు? ఎండన బడి వచ్చినట్టున్నావు, ఆ బిందెలో మంచినీళ్ళున్నయ్, తాగు."

ఆవిడ పేరు రాజమ్మ. మొగుడు యలమంద వేటకి పోతాడు, ఈవిడ చేపలు ఎండబెడుతుంది. షుకూర్ నీళ్ళు తాగుతున్నంతసేపూ చెబుతూనే ఉంది. ఈ నేల వాళ్ళత్త చదును చేసిందట. రోజూ ఉప్పునీళ్ళు చల్లి, ఊడ్చి, తొక్కి, మళ్ళీ ఊడ్చి, ఇన్నేళ్ళకి గచ్చులాగా తయారైందట. తోపు కింద నీడ, చేప ఎండదు. ఎండకపోతే పురుగు పడుతుంది. సోమవారం రేపల్లె నుంచి చేపలు కొనే కోటయ్య వ్యాన్ తీసుకుని వస్తాడు. ఎండు సరుకైతే సంతకి ఎత్తుతాడు, మెత్తబడితే కోళ్ళ దాణాకి అడుగుతాడు.

"మడుసులు తినే చేప కోళ్ళకేస్తే కడుపు మండదా సాయిబన్నా?"

"మండుద్ది చెల్లెమ్మా" అన్నాడు షుకూర్.

సైఫుల్లా పక్కకి లాగాడు. "బావా, ఇదేం బాలేదు. ఇంకా గుంజ పాతలేదుగా. అవతలికి జరుపుకుందామని సార్‌తో అందామా? ఈవిడ నేల ఈవిడకి వదిలేద్దాం."

అవతల కూడా తోపు అడ్డం ఉంది. నేల కాస్త మెత్తన, గుంజ లోతుగా పాతాలి, అంతే. ఒక పూట పని ఎక్కువ. షుకూర్‌కి అది తెలుసు. కానీ జరపాలంటే చోటు చూపింది తనేనని ఇక్కడే, ఈవిడ ఎదుటే ఒప్పుకోవాలి.

"కర్ర గుచ్చాక చోటు మార్చడం మా ఇంటావంటా లేదు" అన్నాడు, కాస్త గట్టిగానే.

రాజమ్మ జల్లెడ ఆపి చూసి, సార్లు చూపిన చోటే ఇతను గుచ్చాడనుకుందేమో, మళ్ళీ జల్లించుకుంది. నిజానికి షుకూర్ నాన్న ఒకసారి మార్చాడు. గుమ్మటం గుంజ నీళ్ళ తూముకి అడ్డమైందని ఎవరో ముసలాయన అంటే, నవ్వుతూ కర్ర పీకి పక్కన గుచ్చాడు. ఆ సంగతి షుకూర్ ఎవరికీ చెప్పలేదు.

*

పని మొదలైంది. వెదురు చీల్చి బద్దలు తీయడం, బద్దని నీళ్ళు తడిపి మోకాలికి ఆనించి వంచడం, పురికొసతో కట్టడం. ఏనుగు ముందు వీపు లేచింది, తర్వాత పొట్ట. పొట్టలో నలుగురు నిలబడేంత చోటు. కాలనీ ఆడవాళ్ళు కాగితం అంటించడానికి వచ్చారు. మైదాపిండి గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి సైఫుల్లా బకెట్లో పెట్టాడు. అందరికన్నా రాజమ్మ చెయ్యే శుభ్రంగా ఉంది. వల చిరుగులు కట్టే వేళ్ళు కదా, కాగితం మీద ఒక్క ముడత రానివ్వలేదు.

"ఇంత కోపంగా ఉండి మా పని చేస్తున్నావేంటి రాజమ్మక్కా?" అని సైఫుల్లా ఆటపట్టించాడు.

"నా కోపం ఏనుగు మీద కాదుగా నాయనా. దీని ఎనక కాళ్ళు మా ఆయనా నేనేనంట, పేరిచ్చాం. పిలకాయలు నిద్ర కూడా పోవట్లా, ఏనుగు ఏనుగు అని. చోటు చూపినోణ్ణి మాత్రం దొరికితే చెప్పుతో కొడతా."

మధ్యాహ్నం ఆవిడే అన్నం, చేపల పులుసు తెచ్చి షుకూర్ ముందు పెట్టింది. సాయిబన్న తెల్లారినకాణ్ణించీ వంచిన నడుం ఎత్తలేదని ఆవిడకి జాలి. షుకూర్ ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. పులుసు బ్రహ్మాండంగా ఉంది, అదే అసలు బాధ.

"ఎవరు చూపించారంటావు అన్నా ఆ చోటు?" అంది రాజమ్మ ఉన్నట్టుండి. "మీకు తెలిసే ఉంటది."

నోటి దాకా వచ్చింది. అల్లా సాక్షిగా వచ్చింది. కానీ ఆ నోట్లో ఆవిడ పెట్టిన ముద్ద ఉంది.

"ఎవరో... సార్లు. మాకేం తెలుసు, రమ్మన్న చోటికి వస్తాం."

ఆవిడ తలూపి లేచింది. నాలుగడుగుల అవతల జోకరు టోపీకి రంగు వేస్తున్న దీపక్ దగ్గరికి నేరుగా వెళ్ళింది. షుకూర్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"ఏమయ్యా మేష్టారూ! పిలకాయలకి చదువు చెప్పేవాడివి, ఆడోళ్ళు ఊడ్చుకున్న నేల నీకు తెలవట్లా? మీ ఇంట్లో పొయ్యి మీదకి ట్రాక్టరు తోలితే ఊరుకుంటావా? మేమంటే లెక్కలేకనేగా!"

పనివాళ్ళంతా ఆగిపోయారు. దీపక్ బ్రష్షు కిందపెట్టి లేచాడు. ఆయన చూపు ఒక్కసారి షుకూర్ మీదికి వచ్చింది. షుకూర్ కంచంలోకి చూసుకున్నాడు. మళ్ళీ తలెత్తేసరికి దీపక్ నేల చూస్తున్నాడు.

"తప్పయిందమ్మా. ముందు మిమ్మల్ని అడగాల్సింది" అన్నాడు.

"తప్పయిందంటే నా చేపలు ఎండుతాయా?"

"ఎండవమ్మా."

మేస్త్రీ చూపించాడని గానీ, నేను ముందే అనుమానపడ్డానని గానీ దీపక్ ఒక్క ముక్క అనలేదు. ఆ సాయంత్రం షుకూర్ బద్దలు చీలుస్తుంటే కత్తి జారి బొటనవేలు తెగింది. సైఫుల్లా గుడ్డ చుడుతూ, "ఇరవయ్యేళ్ళలో నీ చెయ్యి తెగడం చూళ్ళేదు బావా" అన్నాడు. ఎందుకు తెగిందో వాడికి తెలుసని వాడి గొంతే చెప్పింది.

*

ఆటనాడు పొద్దున్నే మబ్బు పట్టింది. వాన పడలేదు, కానీ ఎండ కూడా రాలేదు. తోపు కింద చేపల వాసన మారింది. ఎండుచేప వాసన వేరు, మెత్తబడే చేప వాసన వేరు. ఆ తేడా ఈ రెండు రోజుల్లో షుకూర్ ముక్కుకి కూడా తెలిసిపోయింది. రాజమ్మ తిట్టడం మానేసింది. గుట్ట ముందు కూర్చుని నెత్తళ్ళని వేళ్ళతో తిరగేస్తోంది. ఆ తిట్లే నయం అనిపించింది అతనికి.

మధ్యాహ్నం జనరేటరు పెట్టి బల్బులు పరీక్ష చేశారు. ఏనుగు లోపల వీపు కింద వరసగా వంద వాట్ల బల్బులు, కాగితానికి జానెడు దూరంలో. షుకూర్ లోపలికి దూరాడు. కాసేపటికే చొక్కా తడిసిపోయింది. వీపు మీద గాలి పోవడానికి వదిలిన కంతలోంచి వేడి పైకి తన్నుతోంది. చెయ్యెత్తి చూశాడు, రొట్టెల బట్టీలో పెట్టినట్టుంది.

బయటికొచ్చి పరిగెత్తినంత పని చేశాడు.

"చెల్లెమ్మా, పాత వలలున్నాయా? తీసుకురా. చేపలు కూడా తే. ఏనుగు పొట్టలో కడదాం."

"నీకు మతి పోయిందా?"

"లోపలికొచ్చి చూడు."

వచ్చి చూసింది. వెంటనే బయటికి పోయి కాలనీ ఆడవాళ్ళని కేకేసింది. పాత వలల్ని ఉయ్యాలల్లాగా ఏనుగు పక్కలకీ గుర్రం పక్కలకీ అంతస్తులుగా కట్టారు. బల్బులకి తగలకుండా షుకూరే ఒక్కో ముడీ చూసుకున్నాడు. వాటిలో నెత్తళ్ళు పల్చగా పరిచారు. పట్టినన్నే పట్టాయి, సగం తోపు కిందే మిగిలాయి.

"ఉప్పూ కారం చల్లితే ఏనుగు వేపుడు కూడా అయిపోద్ది బావా" అన్నాడు సైఫుల్లా, ముక్కు మూసుకుని. "రేపు పెళ్ళివాళ్ళెవరూ మనల్ని పిలవరు, కంపు కొడతామని."

దీపక్ వచ్చి లోపలికి తొంగి చూశాడు. కమిటీ వాళ్ళు చూస్తే ఏమంటారో అని షుకూర్ భయపడ్డాడు. దీపక్ మాత్రం "ఉంచండి" అన్నాడు. తర్వాత మెల్లిగా, "మేస్త్రీ గారూ, మంచి పని చేశారు" అన్నాడు.

"సార్... ఆ రోజు ఆవిడ మిమ్మల్ని అంటుంటే, మీరు నా పేరెందుకు చెప్పలేదండి?"

దీపక్ నవ్వలేదు, కోప్పడలేదు. "మీరు చెబుతారనుకున్నానండి" అన్నాడు.

*

పొద్దు కుంకేసరికి బాపట్ల జనమంతా ఒడ్డు మీదే ఉన్నారు. ఆటోలు తోపు దాకా బారులు తీరాయి. మొక్కజొన్న పొత్తుల బండ్లు, బుడగలమ్మేవాళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న నాన్నలు. దీపక్ చెయ్యి ఊపాడు, సైఫుల్లా స్విచ్చి వేశాడు.

ముందు ఉయ్యాల మీద అమ్మాయి వెలిగింది, గులాబీ రంగులో, గుంజ చివర గాలికి ఊగుతూ. తర్వాత జోకరు, తర్వాత గుర్రం. చివరికి ఏనుగు. పసుపురంగు ఏనుగు చీకట్లోంచి లేచి నిలబడగానే జనం "ఓ" అన్నారు. వైరు అందినంత మేర నాలుగు కాళ్ళూ కదిలాయి, ముందు కాళ్ళు ఒక దారి, వెనక కాళ్ళు ఒక దారి. లోపల యలమంద అరుపు బయటికే వినబడింది, "ఒసేయ్, ఎడం కాలే ఎడం!" పిల్లలు పడీపడీ నవ్వారు.

అప్పుడు చూశారు అందరూ. ఏనుగు పొట్ట మీద, కాగితం లోపల, చేపలు. వేలకొద్దీ చిన్న చిన్న నీడలు. ఏనుగు అడుగు వేసినప్పుడల్లా వలలు ఊగి, నీడలన్నీ ఒక్కసారిగా అటు మళ్ళేవి, ఇటు మళ్ళేవి. ఏనుగు సముద్రాన్ని మింగి నడుస్తున్నట్టుంది. నవ్వేవాళ్ళు కూడా నోరు మూసుకుని చూశారు. షుకూర్ తన బతుకులో కట్టినవాటన్నిట్లో ఇంత అందమైనది లేదు. ఆ అందం చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది, ఆనందంతో మాత్రం కాదు.

ఆట అయిపోయాక జనం దీపక్‌ని చుట్టుకున్నారు. ఎంత గొప్ప ఆలోచన సార్ అంటే, ఆయన షుకూర్ వైపు చూపించాడు. అంతలో ఏనుగు కడుపులోంచి చెమటతో తడిసి ముద్దయిన రాజమ్మ బయటికొచ్చింది. గుప్పెట్లో నెత్తళ్ళు. ఒకటి విరిచింది, పుటుక్కుమంది.

"ఇనబడ్డదా?" అని అరిచింది కాలనీ ఆడవాళ్ళకేసి. షుకూర్ మోచెయ్యి పట్టుకుని వెలుగులోకి లాగింది. "ఇదిగో, ఈ సాయిబన్న! మన కడుపు కొట్టినోళ్ళు పెద్దోళ్ళు, మన కడుపు నిలబెట్టినోడు ఈ కూలాయన! సొంత అన్న కూడా ఇట్టా ఆలోచించడు!"

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. దీపక్ కూడా కొట్టాడు. ఆ చప్పట్లు చూసి ఇక మింగడం షుకూర్ వల్ల కాలేదు.

"ఆ చోటు చూపింది నేనే చెల్లెమ్మా."

"ఏంటీ?"

"నేనే. పొలుసులు కూడా చూశా. సార్ ఎవరిదోనేమో అన్నారు. బీచి ఎవరిదవుద్దని నేనే కర్ర గుచ్చా. ఆయన్ని నువ్వు తిడుతుంటే అన్నం ముందు కూర్చుని ఊరుకున్నా."

రాజమ్మ అతని మోచెయ్యి వదిలేసింది. చెప్పు తీస్తుందనుకున్నాడు. తీస్తే బాగుండనుకున్నాడు. ఏనుగు వెలుగు ఆవిడ మొహం మీద పచ్చగా పడుతోంది.

"నీ ఏనుగు నా చేపల్ని బతికించింది, నిజమే" అంది చివరికి, నెమ్మదిగా. "నీ బదులు ఆ మేష్టారు నా తిట్లు తిన్నాడు, అదీ నిజమే. నా పులుసు తింటా అబద్ధమాడావు. ఇయన్నీ ఎట్టా కలుపుకోవాలో నాకు తెలవట్లా."

దీపక్ దగ్గరికి వెళ్ళి ఆయన చేతిలో ఆ నెత్తళ్ళు పెట్టింది. షుకూర్ వైపు తిరిగి చూడకుండా కాలనీలోకి పోయింది.

*

తెల్లారి బొమ్మలు విప్పి లారీకి ఎత్తారు. వలల్లో చేపలు ఆడవాళ్ళు దించుకుపోయారు. వాటికి ఇంకో పూట ఎండ చాలు. తోపు కింద మిగిలిన సగం మాత్రం గోతాల్లో కట్టి పెట్టారు, కోళ్ళ దాణాకి. ఆ గోతాల పక్కనుంచి నడవకుండా లారీ దగ్గరికి దారి లేదు.

సైఫుల్లా ఎక్కి కూర్చుని హారన్ కొట్టించాడు. "బావా, రా!"

"నువ్వు పో. నేను రైలుకొస్తా."

గుంజ పాతిన గొయ్యి పూడ్చాడు. ట్రాక్టరు చాళ్ళు పారతో లాగాడు. పెళ్ళలు చిదిపాడు. తండ్రి కర్రని అడ్డంగా పట్టుకుని ఇసక మీద లాగుతూ చదును చేశాడు. పైకి చదునుగానే కనబడుతోంది గానీ కాలు పెడితే దిగుతోంది. అత్తా కోడలూ ఏళ్ళ తరబడి తొక్కిన నేల ఒక పూటలో ఎలా వస్తుంది? అయినా ఉప్పునీళ్ళు మోసుకొచ్చి చల్లాడు, తొక్కాడు, మళ్ళీ చల్లాడు. ఎండ నడినెత్తికి వచ్చింది.

తలెత్తేసరికి రాజమ్మ చీపురు పట్టుకుని గట్టున నిలబడుంది. ఎంతసేపట్నుంచో తెలియదు.

"ఆ మూల ఇంకా ఎత్తుగా ఉంది" అంది.

షుకూర్ ఆ మూలకి పోయాడు. ఆవిడ రెండో వైపు నుంచి ఊడ్చుకుంటూ వచ్చింది. నీళ్ళు ఇవ్వలేదు ఆవిడ, అడగలేదు అతను. అతను తొక్కిన మేర గోతాం పట్టాలు పరిచి, ఏనుగు పొట్టలో ఆరిన చేపల్ని పోసింది. పోసీపోయగానే కాకులు దిగాయి. హుష్ హుష్ అని చీపురు ఊపి, చుట్టూ చూసి, చెయ్యి చాపింది.

"ఆ కర్ర ఇట్టా ఇయ్యి."

షుకూర్ ఇచ్చాడు. ఎవరికీ ఎన్నడూ ఇవ్వని కర్ర. రాజమ్మ ఒక నల్లగుడ్డ పీలిక దాని కొసకి గట్టిగా కట్టింది. పట్టాల నడుమ నిలబడి, రెండు చేతులా ఎత్తి, ములుకు పూర్తిగా దిగేదాకా నేలలో గుచ్చింది. గుడ్డ గాలికి టపటపమంది. కాకులు లేచిపోయాయి.

షుకూర్ రైలు టైము అవుతోందన్నట్టు సూర్యుడి వైపు చూసి, కర్ర వైపు చూశాడు.

"కర్ర గుచ్చాక చోటు మార్చకూడదంటగా" అంది రాజమ్మ, చేపలు సర్దుకుంటూ. "మీ ఇంటావంటా లేదన్నావు."

"లేదు" అన్నాడు షుకూర్.

ఖాళీ చేతులతో ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.